తప్పు పట్టుకునేదెవరు? సంస్థల్లో ఏఐ అసలు లెక్క

హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికిన ఒకాయనకు సర్కారు రికార్డుల్లో కారుంది. కారున్న ఇంటికి రేషన్ బియ్యం దేనికని కార్డు తీసేశారు. ఆ కారు నిజానికి దాదాపు అదే పేరున్న ఇంకెవరిదో. తెలంగాణ ప్రభుత్వం వాడిన ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఇద్దరినీ ఒక్కరిగా లెక్కగట్టింది. 2024 జనవరిలో అల్‌జజీరా ప్రచురించిన పరిశోధన కథనంలో ఈ సంగతి వివరంగా వచ్చింది.

సమగ్ర వేదిక చాట్‌జీపీటీలా మాట్లాడే రకం కాదు. వాహనాల రిజిస్ట్రేషన్ మొదలుకొని రకరకాల శాఖల రికార్డులను కలిపి, ఏ పేరు ఏ మనిషిదో మెషీన్ లెర్నింగ్‌తో, అంటే పాత రికార్డుల నుంచి కంప్యూటరే నేర్చుకునే పద్ధతితో, అంచనా వేసే వ్యవస్థ. మన పేర్ల సంగతి తెలిసిందే కదా. ఒక కార్డులో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనకుంటుంది, మూడోదాంట్లో ఒక్క అక్షరమై మిగులుతుంది. వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లిషులో ఎంతమంది గుమస్తాలు రాస్తే అన్ని స్పెల్లింగులు. ఇలాంటి రికార్డులను జతపరిచేటప్పుడు కొన్ని తప్పడంలో వింతేమీ లేదు. మనుషులు చేసినా తప్పుతాయి.

వింతంతా ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. కార్డు తీసేసే ముందు నోటీసు ఇచ్చింది లేదు, ఇంటికొచ్చి చూసింది లేదు. కంప్యూటర్ పొరబడిందని రుజువు చేసుకునే భారం కార్డు పోయినవాళ్ల మీదే పడింది. రాష్ట్రంలో రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అల్‌జజీరా ఇచ్చిన లెక్క ప్రకారం, అదే ఏడాది జూలై నాటికి అధికారులు పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 అర్హులవేనని తేలింది. అంటే నూటికి ఏడున్నర. రద్దుల్లో సాఫ్ట్‌వేర్ వాటా ఎంతైనా, అంతమంది తిండిగింజల విషయంలో జరిగిన పొరపాటు కోర్టు దాకా వెళితే తప్ప బయటపడలేదు.

ఈ కథ విన్న మేనేజర్ ఎవరైనా ‘నూటికి తొంభై రెండు కరెక్టేగా, బాగానే ఉందే’ అనుకునే ప్రమాదముంది. ఏఐ మీద సంస్థల్లో నడిచే చర్చలు ఎక్కువగా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంటాయి: ఇది ఎంత కరెక్టు? నా ఉద్దేశంలో అంతకంటే ముందు అడగాల్సింది వేరే ఉంది. ఇది తప్పు చేస్తే ఆ తప్పు ఎవరి కంట పడుతుంది, ఎంతసేపట్లో, ఎవరి ఖర్చుతో? ఏఐని ఎక్కడ ధైర్యంగా పెట్టొచ్చు, ఎక్కడ మనిషిని పక్కనుంచాలి, ఎక్కడ ఇంకో రెండేళ్లు ఆగాలి అన్నవన్నీ, అంటే బోర్డు మీటింగుల్లో వ్యూహం అని పిలుచుకునేదంతా, దీని జవాబు మీదే ఆధారపడి ఉంది.

వెయ్యి బిల్లులు, యాభై తప్పులు

ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు అనుకుందాం. రోజుకు వెయ్యి కొనుగోలు బిల్లులు వస్తాయి. నలుగురు కూర్చుని బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఎన్ని డబ్బాలు, రేటు, జీఎస్టీ చూసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటారు. ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, బిల్లు ఫొటో చూపిస్తే చాలు తమ ఏఐ ఇవన్నీ నింపేస్తుందని, 95 శాతం ఖచ్చితత్వమని డెమో ఇచ్చాడు. డెమో ఎప్పుడూ బాగానే ఉంటుంది. నలుగురి జీతాలు మిగిలినట్టేనని యజమాని మనసులో లెక్క వేసుకున్నాడు.

వెయ్యికి 95 శాతమంటే రోజుకు యాభై తప్పుడు బిల్లులు. యాభై పెద్ద సంఖ్యేమీ కాదు, ఒక మనిషి ఒక పూటలో సరిదిద్దేస్తాడు. చిక్కల్లా ఆ యాభై ఏవో తెలియకపోవడమే. తెలియాలంటే వెయ్యీ చూడాలి. వెయ్యీ చూడాలంటే ఆ నలుగురూ ఉండాల్సిందే. చూడకుండా వదిలేస్తే, గడువు తీరిన సరుకు గడువున్నట్టు స్టాకులో కూర్చుంటుంది. మెడికల్ షాపు నుంచి ఫోనొచ్చేదాకా ఎవరికీ తెలియదు.

పైగా ఆ 95 దేనికి? బిల్లుకా, బిల్లులోని ఒక్కో గడికా? గడికి 95 శాతమే అయితే, పది గళ్లున్న బిల్లు ఒక్క తప్పూ లేకుండా రావడం నూటికి అరవై సార్లే. 0.95ను పదిసార్లు గుణించి చూడండి. కొనేముందు ఈ ప్రశ్న వేస్తే ప్రతినిధి ముఖం ఎలా మారుతుందో గమనించడం కూడా ఒక పరీక్షే.

అదే ఏఐ తనకు నమ్మకం చాలని బిల్లులను పక్కన పెట్టగలిగితే కథ మారుతుంది. వెయ్యిలో 150 పక్కన పెట్టి, మిగతా 850లో రెండో మూడో మాత్రమే తప్పుతుంటే, మనిషి చూడాల్సింది ఆ 150నే. ఇంకొన్ని తప్పులను ఏఐతో పని లేకుండానే పట్టుకోవచ్చు. డబ్బాల సంఖ్యను రేటుతో గుణించి పన్ను కలిపితే బిల్లు మొత్తం రాలేదంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. దానికి ఏఐ మోడల్ ఎందుకు, ఎక్సెల్ చాలు. గడువు తేదీకి మాత్రం అలాంటి కూడిక పరీక్ష లేదు. 2026ని 2028గా చదివినా లెక్కలన్నీ చక్కగా సరిపోతూనే ఉంటాయి. కాబట్టి ఒకే బిల్లులో రేటును యంత్రానికి వదిలేయొచ్చు, గడువు తేదీని మనిషి చూడాలి. ‘బిల్లుల పనిలో ఏఐ పెట్టాలా వద్దా’ అని చర్చించే మీటింగుకు ఈ సంగతి ఎప్పటికీ తట్టదు. బిల్లు చేతిలో పట్టుకుని ఒక్కో గడినీ చూసినవాడికి తడుతుంది.

అంచనా అదే, జేబు వేరు

అమెరికాలో జిల్లో అనే కంపెనీ 2006 నుంచి ఇళ్ల ధరలను కంప్యూటర్‌తో అంచనా కట్టి వెబ్‌సైట్‌లో పెడుతోంది. దాన్ని జెస్టిమేట్ అంటారు. పక్కింటి ధర ఎంతో చూసుకోవడం జనానికి సరదా. అంచనా పదో ఇరవయ్యో వేల డాలర్లు అటూ ఇటూ అయినా కంపెనీకి పైసా నష్టం లేదు. 2018లో జిల్లో ఇళ్లను తానే కొని, చిన్నాచితకా మరమ్మతులు చేసి అమ్మే వ్యాపారంలోకి దిగింది. అంతవరకు చూసి పోవడానికే పనికొచ్చిన అంచనాలను నమ్ముకుని ఇప్పుడు చెక్కులు రాయాలి.

2021 నవంబరులో ఆ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ ఏడాది మూడో త్రైమాసికంలోనే చేతిలో ఉన్న ఇళ్ల విలువను 30.4 కోట్ల డాలర్ల మేర తగ్గించి రాసుకుంది. సిబ్బందిలో సుమారు పావు వంతును వదులుకుంటున్నామని చెప్పింది. అంచనా వేసే తెలివి రాత్రికి రాత్రి తగ్గిపోయిందా అంటే, లేదు. తప్పుకు డబ్బు కట్టాల్సిన జేబు మారింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కంపెనీ ధర తక్కువ చెబితే ఇంటాయన అమ్మడు. ఎక్కువ చెబితేనే సంతోషంగా సంతకం పెడతాడు. దాంతో తక్కువ చెప్పిన తప్పులన్నీ జారిపోయి, ఎక్కువ చెప్పిన తప్పులే కంపెనీ దగ్గర ఇళ్లుగా పోగుపడతాయి. సగటున కొంచెం పైకి, కొంచెం కిందికి పోయి సరిపోతుందిలే అన్న ధీమా ఇక్కడ చెల్లదు. అప్పులిచ్చే బ్యాంకులకూ, బీమా కంపెనీలకూ ఇదే గండం. తక్కువ వడ్డీ పొరపాటున ఎవరికి చెప్పారో వాళ్లే ముందుగా లోను తీసుకుంటారు.

చీకటి చేయలేని గది

తప్పులన్నీ మోడల్‌లోనే పుట్టవు. కంటి లోపలి ఫొటో చూసి మధుమేహం వల్ల రెటీనాకు వచ్చే జబ్బును గుర్తించే ఏఐని గూగుల్ తయారుచేసింది. 2016లో వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించింది. మన దేశంలోని కంటి ఆసుపత్రులు ఇచ్చిన చిత్రాలూ ఆ పరిశోధనలో ఉన్నాయి. ఫొటో చూసి జబ్బు చెప్పడంలో అది కంటి డాక్టర్లకు తీసిపోదని తేలింది. తర్వాత దాన్ని థాయిలాండ్‌లో 11 క్లినిక్‌లలో పెట్టి ఏమవుతుందో గూగుల్ పరిశోధకులే దగ్గరుండి చూశారు. చూసింది చూసినట్టు 2020లో ప్రచురించారు. ఏఐ గురించి పెద్ద కంపెనీల నుంచి వచ్చిన కాగితాల్లో అంత నిజాయితీగా రాసినవి తక్కువ.

ఫొటో బాగా రావాలంటే కంటిపాప విచ్చుకోవాలి. అందుకు గది చీకటిగా ఉండాలి. 11 క్లినిక్‌లలో అలా చీకటి చేయగలిగిన ప్రత్యేకమైన గది రెండింటిలోనే ఉంది. మిగతాచోట్ల ఫొటోలు మసకగా వచ్చేవి. మసక ఫొటోను ఏఐ చూడనని తిరగ్గొట్టేది. మొత్తం 1,838 ఫొటోల్లో 21 శాతం ఇలా తిరిగొచ్చాయి. ఫొటోలో ఏ జబ్బూ లేదని నర్సుకు అనిపించినా సరే, ఫొటో తిరిగొచ్చిందంటే ఆ మనిషిని ఇంకో రోజు, ఇంకో ఊళ్లోని నిపుణుడి దగ్గరికి పొమ్మని చెప్పాలి. అంటే ఒక రోజు కూలి, బస్సు ఖర్చు. ఫొటోలు నెట్ ద్వారా పైకి వెళ్లాలి కాబట్టి ఒక చోట రెండు గంటలు కనెక్షన్ పోయి, 200 మందికి జరగాల్సిన పరీక్ష 100 మందితో ఆగింది. మన పీహెచ్‌సీల్లో పనిచేసినవాళ్లకు ఇందులో కొత్తేమీ కనిపించదు.

తెలియనిదాన్ని పక్కన పెట్టడం మందుల బిల్లుల దగ్గర మనకు కలిసొచ్చిన గుణం. ఇక్కడ అదే భారమైంది. కారణం చిన్నదే. పక్కన పెట్టినవాటిని చూడ్డానికి ఆఫీసులో నలుగురున్నారు, క్లినిక్‌లో కంటి డాక్టరు లేడు. ఏఐ ‘నాకు తెలియదు’ అన్నప్పుడు ఆ పని ఎవరి బల్ల మీదికి వెళ్లాలో, ఆ బల్ల దగ్గర మనిషి ఉన్నాడో లేడో చూడకుండా యంత్రాన్ని తెచ్చిపెడితే ఇలాగే అవుతుంది.

ఏడు వందల మంది పని

స్వీడన్‌కు చెందిన క్లార్నా ‘ఇప్పుడు కొను, తర్వాత కట్టు’ పద్ధతి మీద నడిచే చెల్లింపుల కంపెనీ. తమ ఏఐ సహాయకుడు తొలి నెలలోనే కస్టమర్లతో 23 లక్షల సంభాషణలు నడిపిందని, అది 700 మంది ఉద్యోగుల పనితో సమానమని, ఫిర్యాదు తీరే సమయం 11 నిమిషాల నుంచి 2 నిమిషాల లోపుకు దిగిందని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ 700 అంకె ఎన్ని కన్సల్టెంట్ల స్లైడ్ల మీద తిరిగిందో లెక్కలేదు. 2025 మేలో ఆ కంపెనీ సీఈఓ సెబాస్టియన్ సీమియాట్‌కోవ్‌స్కీ, ఖర్చు తగ్గించడం మీదే మరీ దృష్టి పెట్టడంతో నాణ్యత దెబ్బతిందని చెప్పారు. మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టారు. ఈ రెండో వార్త అంతగా తిరగలేదు.

దీన్ని ‘ఏఐ ఓడిపోయింది’ అని చదివేవాళ్లు తొందరపడుతున్నట్టే. క్లార్నా ఏఐని వదల్లేదు, మామూలు ప్రశ్నలకు ఇంకా అదే జవాబిస్తోంది. అయితే మనిషితో మాట్లాడాలనుకునే కస్టమర్‌కు ఆ దారి తెరిచే ఉంచాలన్న దగ్గరికి వచ్చి ఆగింది. నిమిషాలు కొలవడం సులువు. విసిగిపోయి ఫోన్ పెట్టేసి మళ్లీ ఎప్పుడూ రాని కస్టమర్ ఏ డాష్‌బోర్డులోనూ కనపడడు.

తప్పు బాధ్యతను యంత్రం మీదికి తోసేయొచ్చని ఆశపడే సంస్థలకు ఎయిర్ కెనడా కేసు చాలు. కుటుంబంలో చావు జరిగితే ఇచ్చే తగ్గింపు టికెట్ గురించి ఒక ప్రయాణికుడు వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను అడిగాడు. ముందు మామూలు ధరకు కొనుక్కుని తర్వాత తగ్గింపుకు దరఖాస్తు పెట్టుకోవచ్చని అది చెప్పింది. కంపెనీ నిబంధన దానికి విరుద్ధం. వివాదం బ్రిటిష్ కొలంబియాలోని ట్రిబ్యునల్‌కు వెళ్లినప్పుడు, తన చర్యలకు చాట్‌బాటే బాధ్యురాలైన వేరే వ్యక్తి అన్నట్టుగా కంపెనీ వాదించింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, సుమారు 812 కెనడా డాలర్లు కట్టమంది. పాఠం ఖరీదు చూస్తే చౌకగా బయటపడ్డారనే చెప్పాలి.

మోటారు మారింది, ఫ్యాక్టరీ మారలేదు

ఇప్పటిదాకా చెప్పింది తప్పుల సంగతి. ఏఐ తప్పు చేయకుండా పనిచేసినా లాభం కనపడని పరిస్థితి ఇంకొకటుంది. దీనికి పాత ఉదాహరణే మంచిది.

ఎడిసన్ 1882లో లండన్‌లో, న్యూయార్క్‌లో విద్యుత్ కేంద్రాలు నడిపించాడు. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లకు, 1900 ప్రాంతంలో అమెరికా ఫ్యాక్టరీల యంత్రాలను తిప్పే శక్తిలో కరెంటు మోటార్ల వాటా 5 శాతానికి మించలేదు. పెట్టుకున్నవాళ్లకు కూడా చెప్పుకోదగ్గ లాభం రాలేదు. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ 1990లో దీనికి కారణం వివరించాడు. ఆవిరి యంత్రం ఉన్న రోజుల్లో ఫ్యాక్టరీ మధ్యలో ఒకే పెద్ద ఇంజను ఉండేది. దాన్నుంచి పైకప్పు కింద పొడవాటి ఇరుసులు, వాటి నుంచి తోలు బెల్టులు దిగి ప్రతి యంత్రాన్నీ తిప్పేవి. ఇంజనుకు దగ్గరగా ఉండాలి కాబట్టి అంతస్తు మీద అంతస్తు కట్టేవారు. కరెంటు వచ్చాక చాలామంది చేసింది ఆ ఇంజను తీసి అక్కడ ఒక పెద్ద మోటారు పెట్టడం. ఇరుసులూ బెల్టులూ అలాగే ఉంచారు.

ప్రతి యంత్రానికీ సొంతంగా చిన్న మోటారు బిగించి, భవనాన్ని ఒకే అంతస్తుగా పరిచి, సరుకు నడిచే వరసలో యంత్రాలను అమర్చుకున్నాకే ఉత్పాదకత ఎగిసింది. అప్పటికి 1920లు వచ్చేశాయి.

ఇప్పుడు మన ఆఫీసు సంగతి చూద్దాం. ఒక కొనుగోలుకు అనుమతి రావాలంటే నోట్ రాయాలి, దాని మీద ఐదు సంతకాలు పడాలి. నోట్ రాయడానికి రెండు గంటలు పట్టేది, ఏఐతో పది నిమిషాల్లో అయిపోతోంది. ఫైలు మాత్రం మూడో సంతకం దగ్గర తొమ్మిది రోజులు పడుకుంటుంది. మిగిలిన గంటా యాభై నిమిషాలను ‘ఉత్పాదకత పెరుగుదల’ అని రిపోర్టులో చూపిస్తారు. కొనుగోలు ముందు ఎప్పుడు జరిగేదో ఇప్పుడూ అప్పుడే జరుగుతుంది. ఇంకా తమాషా ఏమిటంటే, నోట్ రాయడం తేలికయ్యేసరికి నోట్లు పొడవు పెరుగుతాయి. చదవాల్సిన పెద్దాయన వాటిని సంగ్రహంగా చెప్పమని మళ్లీ ఏఐకే ఇస్తాడు. అడగాల్సింది ఆ ఐదు సంతకాల్లో ఏవి నిజంగా తప్పును పడుతున్నాయి, ఏవి ఊరికే ఆనవాయితీగా పడుతున్నాయి అని. ఇది సాంకేతిక విభాగం తేల్చగలిగేది కాదు. అందుకే ఏఐ అమలును ఐటీ హెడ్‌కు అప్పగించి చేతులు దులుపుకున్న సంస్థల్లో బెల్టులు కదలవు.

వేగం పెరిగిందని ఎవరు చెప్పారు?

‘వాడుతున్నవాళ్లంతా బాగుందంటున్నారు’ అనేది సాక్ష్యం కాదు. మీటర్ అనే పరిశోధన సంస్థ 2025లో ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే) సాఫ్ట్‌వేర్ రాసే 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లతో, వాళ్లకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించింది. కొన్ని పనులకు ఏఐ వాడనిచ్చారు, కొన్నింటికి వాడనివ్వలేదు. ఏఐ వాడినప్పుడు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. పని అయిపోయాక అడిగితే, సుమారు 20 శాతం వేగంగా చేశామనే వాళ్లు నమ్ముతున్నారు. పదహారు మందితో ప్రపంచం మొత్తాన్ని కొలవలేం. అప్పటి ఉపకరణాలూ మారాయి. కానీ సర్వే ఫారాల్లో నిండే సంతోషాన్ని నమ్మి కోట్ల లైసెన్సులు కొనే ముందు ఆ తేడాను ఒకసారి తలుచుకోవాలి.

కొలవడం ఎలాగో సింగపూర్‌కు చెందిన డీబీఎస్ బ్యాంకు నుంచి నేర్చుకోవచ్చు. దాని టెక్నాలజీ కేంద్రం ఒకటి 2016 నుంచి హైదరాబాద్‌లో ఉంది కాబట్టి మన ఇంజనీర్లకు ఆ బ్యాంకు కొత్త కాదు. ఏఐ వల్ల 2024లో 75 కోట్ల సింగపూర్ డాలర్ల విలువ వచ్చిందని డీబీఎస్ చెప్పుకుంది. చెప్పుకోవడంలో గొప్పేముంది, అందరూ చెప్పుకుంటారు. గమనించాల్సింది పద్ధతి: ఏఐ సలహా అందుకున్న ఖాతాదారుల గుంపును, అందుకోని గుంపుతో పోల్చి తేడా తీయడం. డేటా వాడే ముందు అక్కడ నాలుగు ప్రశ్నలు వేసుకుంటారు. దీనికి ప్రయోజనం ఉందా, ఖాతాదారు ఉలిక్కిపడతాడా, అతనికి మర్యాద దక్కుతోందా, నిర్ణయాన్ని వివరించగలమా? ఇంత చేసే బ్యాంకుకూ 2023లో వరుసగా సర్వర్లు మొరాయించాయి. నియంత్రణ సంస్థ ఆరు నెలల పాటు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టొద్దని కట్టడి చేసింది. ఏఐలో ముందున్నంత మాత్రాన కింది పునాది గట్టిగా ఉందని అర్థం కాదు.

పైలట్ ప్రాజెక్టుల విషయంలో నాదొక మొండి అభిప్రాయం. మొదలుపెట్టిన రోజే ఏ అంకె రాకపోతే ఆపేస్తామో కాగితం మీద రాసి, ఆపే అధికారం ఎవరిదో పేరు పెట్టి రాయాలి. అలా రాయని పైలట్ చావదు, బతకదు. ఏడాది తర్వాత అది ఎందుకు నడుస్తోందో చెప్పగలిగినవాడు కంపెనీ మారి వెళ్లిపోయి ఉంటాడు.

కొత్తదనం ఎక్కడ పుడుతుంది

తప్పుల గురించి ఇంతసేపు చెప్పాను కాబట్టి ఇదంతా భయపెట్టే వ్యాసంలా అనిపించొచ్చు. నిజానికి అదే లెక్క ధైర్యానికీ దారి చూపిస్తుంది. తప్పును చౌకగా పట్టుకోగలిగిన చోట ఏఐని విచ్చలవిడిగా వాడొచ్చు. ప్రొటీన్ల ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐకి 2024లో రసాయన శాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. ఆ రంగంలో చాలా ఏళ్లుగా ఒక పోటీ నడుస్తోంది. ప్రయోగశాలలో కనుక్కున్న ఆకారాలను బయటపెట్టకుండా దాచి, పోటీదారులను ఊహించమంటారు. ఎవరిది ఎంత తప్పో నిష్పక్షపాతంగా తేలిపోతుంది. పైగా ఆల్ఫాఫోల్డ్ తన ఊహలో ఏ భాగం మీద ఎంత నమ్మకముందో రంగుల్లో చూపిస్తుంది. పక్కన పెట్టే గుణం, పరీక్షించే ఏర్పాటు రెండూ కలిసొచ్చిన చోటు అది. హైదరాబాద్ ఫార్మా కంపెనీల పరిశోధన విభాగాలకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏఐ వెయ్యి అణువులు సూచించనీ, చివరికి పరీక్షనాళికే తేలుస్తుంది.

ప్రచార వాక్యానికి యాభై నమూనాలు, సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే కేసులు, పాత టెండర్లలో వెతుకులాట, కొత్త ఉత్పత్తికి ముడి ఆలోచనలు, అన్నీ ఈ కోవలోవే. నచ్చనివి పారేస్తే పోయేదేమీ లేదు. ఒకే మోడల్ అందరికీ నెల అద్దెకు దొరుకుతున్నప్పుడు, పోటీలో తేడా మోడల్ వల్ల రాదు. పక్క కంపెనీ కంటే తక్కువ ఖర్చుతో తప్పు పట్టగలిగిన కంపెనీ, పక్క కంపెనీ సాహసించలేని చోట్ల కూడా ఏఐని పెట్టగలుగుతుంది.

సంస్థ అనుమతి లేకుండా ఉద్యోగులే వాడేసే ఏఐ గురించి కూడా ఒక మాట. 2023లో శాంసంగ్ ఇంజనీర్లు కంపెనీ కోడ్‌ను చాట్‌జీపీటీలో అతికించారని బయటపడ్డాక ఆ కంపెనీ వాడకాన్ని నిషేధించింది. నిషేధిస్తే వాడకం ఆఫీసు కంప్యూటర్ నుంచి సొంత ఫోన్‌లోకి మారుతుంది, అక్కడ తప్పు ఎవరి కంటా పడదు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఖాతాదారుల వివరాలు బయటికి పోకుండా ఉండేలా ఒప్పందం చేసుకున్న ఉపకరణాన్ని సంస్థే ఇచ్చి, ఏది అతికించొచ్చో ఏది కూడదో ఒక పేజీలో చెప్పడమే మేలు.

రేపటి సీనియర్లు

ఇందులో నాకు అన్నిటికంటే గడ్డుగా తోచేది చివరిగా చెప్పబోయే ఈ సంగతే. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఐదు వేల మందికి పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల పనిని పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. ఏఐ సూచనలు అందాక గంటకు తీర్చే ఫిర్యాదులు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తగా చేరినవాళ్లు, నైపుణ్యం తక్కువున్నవాళ్లలో 34 శాతం పెరిగాయి. ఆరితేరినవాళ్లకు పెద్దగా లాభం లేదు. ఏఐ నేర్చుకున్నది ఆరితేరినవాళ్ల సంభాషణల నుంచే కాబట్టి, సీనియర్ల పనితనమే యంత్రం గుండా జూనియర్లకు చేరిందని ఆ పరిశోధకులు అర్థం చెప్పారు.

దీన్ని రెండు రకాలుగా చదవొచ్చు. ఒకటి, జూనియర్లకు ఏఐ ఇస్తే తొందరగా ఎదుగుతారు. రెండోది, జూనియర్ల పని ఏఐ చేస్తుంటే జూనియర్లే ఎందుకు? హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల కట్టడమంతా కింద ఎక్కువమంది ఫ్రెషర్లు, పైన కొద్దిమంది అనుభవజ్ఞులు అనే పద్ధతి మీద ఉంది. కోడ్‌లోని చిన్న తప్పులు (బగ్‌లు), తేలిక ఫిర్యాదులు (టికెట్లు) సరిచేస్తూ సరిచేస్తూ ఐదారేళ్లకు మనిషి ‘ఇందులో ఏదో తేడాగా ఉందే’ అని వాసన పట్టే స్థితికి వస్తాడు. ఏఐ రాసిన కోడ్‌లో తప్పు పట్టాల్సింది అతనే. మెట్లెక్కడానికి కింది మెట్టే తీసేస్తే ఆ మనిషి ఎక్కణ్నుంచి వస్తాడు? ఈ ఏడాది జీతాల పట్టికలో మిగులు కనిపిస్తుంది, లోటు మాత్రం ఏడెనిమిదేళ్లకు గానీ కనిపించదు. అప్పటికి నిర్ణయం తీసుకున్న పెద్దమనిషి వేరే కంపెనీలో ఉంటాడు.

దీనికి నా దగ్గర పూర్తి మందు లేదు. ఏ టీమైనా రేపటి నుంచే చేయగలిగిన పని ఒకటుంది. కొత్తగా చేరినవాళ్లు ముందు తమ జవాబు తామే రాయాలి, తర్వాతే ఏఐ జవాబు తెరవాలి. రెండింటి మధ్య తేడా ఎందుకొచ్చిందో సీనియర్‌కు వారానికి ఒకసారి చెప్పాలి. దీనివల్ల మొదటి ఆరునెలలు పని నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదికి అయ్యే ఖర్చును శిక్షణ పద్దు కింద బడ్జెట్‌లో ముందే రాసుకోవాలి. లేకపోతే త్రైమాసిక లక్ష్యాల ఒత్తిడిలో ముందుగా ఎగిరిపోయేది ఆ వారపు అరగంటే.